ఆష్విట్జ్ నుంచి బయటపడ్డ మనిషిని సొంత దేశమే ఎందుకు చంపింది? పోలాండ్ రహస్య పోలీసుల మీద చర్చ

వ్రోత్స్వాఫ్_వాసు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం పోలాండ్ వచ్చి ఇక్కడే ఉంటున్నాను. వార్సాలో రకోవియెత్స్కా వీధిలో ఒక పాత జైలు ఉంది, ఇప్పుడు మ్యూజియం చేశారు. 1948 మే 25న విటోల్డ్ పిలెట్స్కీని కాల్చి చంపింది అక్కడే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఈయన 1940 సెప్టెంబర్‌లో జర్మన్లు జనాన్ని ఏరుకుపోతుంటే కావాలని వాళ్ల చేతికి చిక్కి ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం లోపలికి వెళ్లాడు, అక్కడ రహస్యంగా ఖైదీల సంఘం కట్టాడు, లోపల జరుగుతున్నదంతా బయటికి కబురు పంపాడు, 1943 ఏప్రిల్‌లో తప్పించుకుని మళ్లీ 1944 వార్సా తిరుగుబాటులో తుపాకీ పట్టాడు. నాజీలకు దొరకని ప్రాణం యుద్ధం అయిపోయిన మూడేళ్లకి పోలిష్ కోర్టుకి దొరికింది. గూఢచారి అని ముద్ర వేసి చంపేశారు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తేలలేదు.

నాకు అర్థం కానిది ఏంటంటే, యుద్ధానికి ముందు ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ చాలా చిన్నదట, పైగా నిషేధంలో ఉందట. అలాంటి పార్టీ ఇంత పెద్ద దేశాన్ని ఎలా పట్టింది? ఆ విచారణ గదుల్లో కూర్చున్నది రష్యన్లా, ఇక్కడివాళ్లేనా?

పాతపుస్తకం:
వాసు గారూ, రెండో ప్రశ్నకి జవాబు తేలిక. కూర్చున్నవాళ్లు ఎక్కువమంది పోలిష్ వాళ్లే, వెనక కుర్చీలో సోవియట్ సలహాదారు ఉండేవాడు. మొదటిదానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ పార్టీ 1918 డిసెంబర్‌లో పుట్టింది. 1920లో ఎర్రసైన్యం పోలాండ్ మీదికి వచ్చినప్పుడు బియావిస్తోక్‌లో ఒక తాత్కాలిక విప్లవ కమిటీని కూర్చోబెట్టారు, అందులో సోవియట్ రహస్య పోలీసుల వ్యవస్థాపకుడు జెర్జిన్‌స్కీ కూడా ఉన్నాడు (ఆయన పుట్టుకతో పోలిష్ వాడే). వార్సా దగ్గర ఎర్రసైన్యం ఓడిపోవడంతో ఆ కమిటీ మూట సర్దుకుంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో పక్క దేశపు సైన్యంతో వచ్చిన పార్టీ అనే మచ్చ మాత్రం పోలేదు. అందుకే అది పెరగలేదు, రహస్యంగా, మాస్కో డబ్బు మీద, కామింటర్న్ (మాస్కో నుంచి నడిచే అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ) ఆదేశాల మీద బతికింది.

అంతా అయ్యాక ఆ పార్టీని చంపింది ఎవరనుకుంటున్నారు? స్టాలినే. 1937-38లో మాస్కోలో తలదాచుకున్న దాని నాయకులందర్నీ, వార్‌స్కీ, కొషుత్‌స్కా, లెన్‌స్కీ లాంటి పాతకాపుల్ని పట్టి చంపారు లేదా జైల్లో చావనిచ్చారు, 1938లో పార్టీనే రద్దు చేశారు. అదే సమయంలో సోవియట్ లోపల అక్కడి రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీ '00485' నంబర్ ఆదేశం కింద పోలిష్ గూఢచారుల ఏరివేత పేరుతో లక్షా 11 వేల మందిని కాల్చేశారు. వాళ్లలో ఎక్కువమంది ఏ గూఢచర్యమూ తెలియని మామూలు రైతులు, కార్మికులు.

ఇక మిగిలింది ఎవరు? పోలాండ్ జైళ్లలో ఉన్నవాళ్లు! తర్వాత దేశాన్ని ఏలిన బియెరుత్, గొముల్కా ఇద్దరూ ఆ రోజుల్లో వార్సా ప్రభుత్వం పెట్టిన కేసుల్లో జైల్లో ఉన్నారు కాబట్టి బతికిపోయారు. బయట ఉండి మాస్కో వెళ్లి ఉంటే వాళ్ల పేర్లు మనకు తెలిసేవి కావు.

సీను_సికింద్రాబాద్:
ఇదెక్కడి కథ అన్నా. శత్రువు జైలే ప్రాణం కాపాడిందా 😳

పాతపుస్తకం:
అవును సీను. ఇక అసలు విషయం. 1944 జూలైలో ఎర్రసైన్యంతో పాటు లుబ్లిన్‌లో కొత్త ప్రభుత్వ కమిటీ దిగింది. వ్యవసాయం, చదువు, ఆరోగ్యం శాఖలతో పాటు మొదటిరోజు నుంచే భద్రతా శాఖ ఉంది. 1945 జనవరి 1 నుంచి అది పూర్తిస్థాయి మంత్రిత్వ శాఖ, మంత్రి రద్కియెవిచ్. దాని మనుషుల్ని జనం 'ఊ-బే' అనేవాళ్లు. 1950ల మొదట్లో జీతగాళ్లే 30 వేలకు పైగా ఉండేవాళ్లు.

జర్మన్లతో పోరాడిన రహస్య ప్రభుత్వ నాయకుల్ని, దాని సైన్యమైన హోం ఆర్మీ కమాండర్‌ని 1945 మార్చిలో చర్చలకు రమ్మని పిలిచి విమానం ఎక్కించి మాస్కో తీసుకెళ్లి జూన్‌లో 16 మంది మీద విచారణ నడిపారు. ఆ సైన్యపు చివరి కమాండర్ ఒకులిత్స్కీ 1946 డిసెంబర్ 24న మాస్కో జైల్లో చనిపోయాడు. 1946 జూన్ 30న రెఫరెండం పెట్టారు, మూడు ప్రశ్నలు. మొదటి ప్రశ్నకి 68 శాతం 'అవును' అన్నారని ప్రకటించారు, దశాబ్దాల తర్వాత దస్త్రాలు తీసి చూస్తే నిజంగా అన్నది నాలుగోవంతుకు కాస్త ఎక్కువ. 1947 జనవరి ఎన్నికల్లోనూ అంతే. పెట్టెలు ఎలా మార్చాలో సాయం చేయడానికి మాస్కో నుంచి పల్కిన్ అనే కల్నల్ బృందం వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు మికొవాయ్‌చిక్ అదే ఏడాది అక్టోబర్‌లో దేశం వదిలి పారిపోయాడు.

కాబట్టి వాసు గారూ, పార్టీ దేశాన్ని పట్టలేదు. భద్రతా శాఖ పట్టి పార్టీ చేతిలో పెట్టింది.

ఎర్రమల్లె:
పాతపుస్తకం గారు చెప్పినవన్నీ జరిగినవే, కాదనను. కానీ సగం చెప్పి వదిలేస్తే ఎలా? యుద్ధానికి ముందు పోలాండ్ ప్రజాస్వామ్య స్వర్గమేం కాదు. 1926లో పిల్సుద్‌స్కీ సైన్యంతో అధికారం లాక్కున్నాడు. 1934లో బెరెజా కర్తూస్కాలో క్యాంపు పెట్టారు, కోర్టు లేదు, కేసు లేదు, అధికారి సంతకం పెడితే మూడు నెలలు లోపల, అయిపోతే ఇంకో మూడు నెలలు. కమ్యూనిస్టులు, ఉక్రేనియన్లు, ప్రభుత్వానికి నచ్చని సొంత జాతీయవాదులు కూడా అక్కడ దెబ్బలు తిన్నారు. 1944 తర్వాత భూమి పంచితే రైతులు తీసుకున్నారు, బూడిద అయిన వార్సాని మళ్లీ ఇటుక ఇటుకా కట్టారు, పల్లెటూరి పిల్లలు మొదటిసారి కాలేజీ మెట్లెక్కారు. అదంతా తుపాకీ చూపించి చేయించింది కాదు కదా.

లక్ష్మీటీచర్_గుంటూరు:
ఎర్రమల్లె, బెరెజా గురించి చెప్పింది నిజమేనమ్మా. కాని రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టకు. 1940 మార్చి 5న మాస్కోలో పొలిట్‌బ్యూరో ఒక కాగితం మీద సంతకాలు పెట్టింది, దాంతో దాదాపు 22 వేల మంది పోలిష్ ఖైదీల్ని, అధికారులు, డాక్టర్లు, టీచర్లు, పోలీసుల్ని, కతిన్‌లోనూ ఇంకొన్ని చోట్లా కాల్చి పూడ్చారు. 1990 దాకా ఒప్పుకోలేదు. మా ఇంట్లో విశాలాంధ్ర బుక్‌హౌస్ నుంచి మా నాన్నగారు తెచ్చిన మాస్కో పుస్తకాలు అల్మరా నిండా ఉండేవి, మంచి కాగితం, మంచి బొమ్మలు, చవక. నేను చదువు నేర్చుకున్నదే వాటితో. వాటిలో కతిన్ గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. నేను రిటైర్ అయ్యే ముందు ఇంటర్నెట్‌లో చదివి తెలుసుకున్నాను.

ఇంకొకటి, మన దేశానికి దీనితో సంబంధం లేకపోలేదు. 1940-41లో సోవియట్ ఆక్రమించుకున్న తూర్పు పోలాండ్ నుంచి ఎన్‌కేవీడీ లక్షల మందిని సైబీరియా, కజకిస్తాన్ వైపు తరలించింది. అక్కడ తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్లో కొందరిని 1942లో జామ్‌నగర్ రాజు దిగ్విజయ్‌సింహ్‌జీ తన బాలాచడిలో పెట్టుకుని సాకారు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో ఇంకా పెద్ద శిబిరం ఉండేది. వార్సాలో ఆయన పేరు మీద ఒక కూడలి ఉందని విన్నాను. వాసూ, నిజమేనా?

వ్రోత్స్వాఫ్_వాసు:
నిజమే టీచర్ గారూ, 'మంచి మహారాజు కూడలి' అనే పెట్టారు. ఇండియా అనగానే ఇక్కడి పెద్దవాళ్లు కొందరు ముందు ఆయన మాటే ఎత్తుతారు.

సీను_సికింద్రాబాద్:
అన్నా, ఈ రహస్య పోలీసుల్లోంచి ఎవడూ జారిపోలేదా? అంత పెద్ద శాఖలో ఒక్కడైనా బయటికొచ్చి గుట్టు విప్పి ఉంటాడు కదా.

పాతపుస్తకం:
జారిపోయాడు, మామూలువాడు కాదు. యూజెఫ్ ష్వియాత్వో. సొంత పార్టీ వాళ్లనే పట్టుకునే పదో విభాగంలో డిప్యూటీ డైరెక్టర్. గొముల్కాని అరెస్టు చేసింది ఈయనే, 1953 సెప్టెంబర్‌లో పోలాండ్ కాథలిక్ చర్చి పెద్ద కార్డినల్ విషిన్‌స్కీని తీసుకెళ్లిందీ ఈయనే. అదే ఏడాది డిసెంబర్‌లో పై అధికారితో కలిసి బెర్లిన్ పని మీద వెళ్లి, పశ్చిమ బెర్లిన్ వీధుల్లో ఆయన్ని వదిలేసి అమెరికన్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

1954 సెప్టెంబర్ నుంచి అమెరికా డబ్బుతో నడిచే రేడియో ఫ్రీ యూరప్‌లో ఈయన గొంతు వినిపించడం మొదలైంది. ఎవరింట్లో ఏ కార్పెట్ ఉంది, ఎవరికి ఏ ఖైదీ ఆస్తి దక్కింది, ఏ గదిలో ఎవరిని ఎలా కొట్టారు, అన్నీ పేర్లతో. జనం తలుపులు వేసుకుని జామర్ల గోల మధ్య విన్నారు. మామూలు జనం కంటే పార్టీలోని పెద్దలకే ఎక్కువ వణుకు పుట్టింది, ఎందుకంటే తమ మీద కూడా ఫైళ్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది. 1954 డిసెంబర్‌కల్లా ఆ మంత్రిత్వ శాఖే రద్దయింది. (ఈయన కూడా చేతులకి రక్తం అంటినవాడే, హీరో చేసుకోకండి.)

ఇంకో ముచ్చట. 'విన్' అనే కమ్యూనిస్టు వ్యతిరేక రహస్య సంస్థ 1948కల్లా దాదాపు మొత్తం పట్టుబడిపోయింది. అప్పుడు ఊబే ఏం చేసిందంటే, ఆ పేరుతో తనే ఒక దొంగ నాయకత్వాన్ని నడిపింది! సీఐఏ డబ్బు, వైర్‌లెస్ సెట్లు పంపింది, బ్రిటిష్ వాళ్లూ నమ్మారు, ఇంకా దాక్కున్నవాళ్లు ఈ దొంగ సంస్థని నమ్మి బయటికొచ్చి దొరికిపోయారు. 1952 డిసెంబర్ చివర్లో ఊబేయే పత్రికలకి, రేడియోకి ఎక్కించి అమెరికన్ల పరువు తీసింది.

గోదారిగట్టు:
అమ్మ బాబోయ్. అప్పుడు అసలు పోరాడేవాడు ఎవడు, ఏజెంటు ఎవడు అని ఎలా తెలుస్తుంది?

పాతపుస్తకం:
తెలియదు. అదే వాళ్లకి కావలసింది.

ఎర్రమల్లె:
సరే, నాదో మాట. ఇప్పుడు పోలాండ్ ప్రభుత్వం 2011 నుంచి మార్చి 1న 'శపించబడ్డ సైనికుల దినం' (యుద్ధం తర్వాత కమ్యూనిస్టులతో పోరాడినవాళ్ల పేరు మీద) జరుపుతోంది. 1951లో అదే రోజున విన్ నాయకులు ఏడుగుర్ని ఆ రకోవియెత్స్కా జైల్లోనే చంపారు, ఆ బాధ అర్థమవుతుంది. కానీ అదే జాబితాలో 'బూరీ' అనే కమాండర్‌ని కూడా కలిపి పూజిస్తున్నారు. 1946 మొదట్లో బియావిస్తోక్ వైపు బెలారస్ ఆర్థడాక్స్ పల్లెల్లో అతని దళం 79 మంది గ్రామస్థుల్ని చంపింది. పిలెట్స్కీ పక్కన ఆ మనిషి ఫోటో పెట్టడం పిలెట్స్కీకే అవమానం.

వ్రోత్స్వాఫ్_వాసు:
ఎర్రమల్లె గారు చెప్పింది ఇక్కడ కూడా పెద్ద గొడవే. ఆ ఊళ్ల వైపు మార్చి 1 దగ్గరపడ్డప్పుడు ఊరేగింపు తీస్తే ఇప్పటికీ టెన్షన్. అందర్నీ ఒకే దండలో గుచ్చడం నాకూ నచ్చదు. దానూతా షెజికూవ్నా అనే అమ్మాయిని, ఇంకా పద్దెనిమిది నిండలేదు, దళంలో నర్సు పని చేసిందని 1946 ఆగస్టులో గ్దాన్‌స్క్‌లో కాల్చి చంపారు. ఆ పిల్ల, ఆ బూరీ ఇద్దరూ ఒకే బ్యానర్ మీద ఎలా ఉంటారు?

మోడరేటర్:
బాగా నడుస్తోంది. ఒక మనవి: మన రాష్ట్రాల పార్టీల్ని ఇందులోకి లాగిన రెండు పోస్టులు తీసేశాను. దానికి వేరే విభాగం ఉంది.

గోదారిగట్టు:
స్టాలిన్ కాలం సంగతి సరే. ఆ తర్వాత కూడా 1989 దాకా నడిచింది కదా. కొట్టడం, చంపడం తగ్గాక కూడా జనం ఎందుకు చాడీలు చెప్పారు? భయమా, డబ్బా?

పాతపుస్తకం:
1956 తర్వాత ఊబే స్థానంలో 'ఎస్‌బీ' వచ్చింది, పద్ధతి మారింది. కొట్టడం పూర్తిగా పోలేదు (1956 పొజ్నాన్‌లో యాభై మందికి పైగా, 1970 డిసెంబర్‌లో బాల్టిక్ ఓడరేవు పట్టణాల్లో 40 మందికి పైగా చనిపోయారు, 1976లో రదోమ్‌లో కార్మికుల్ని రెండు వరసల పోలీసుల మధ్య పరిగెత్తించి లాఠీలతో బాదారు). కాని రోజూ జరిగేది వేరు.

పాస్‌పోర్ట్ తీసుకోండి. అది మీ ఇంట్లో ఉండదు, హోం శాఖ దగ్గర ఉంటుంది. పారిస్‌లో సెమినార్‌కి పిలుపు వస్తే అడగాలి, తిరిగొచ్చాక వెనక్కి ఇచ్చేయాలి. అడగడానికి వెళ్తే ఒక మర్యాదస్తుడైన అధికారి కాఫీ ఇచ్చి, అక్కడ ఎవరెవరు కలుస్తారు, వచ్చాక కాస్త మాట్లాడుకుందామా అంటాడు. అంతే. సంతకం కూడా అడగకపోవచ్చు. పిల్లాడి కాలేజీ సీటు, తాగి కారు నడిపిన కేసు, పెళ్లయ్యాక వేరే సంబంధం, ఏదో ఒకటి వాళ్ల చేతిలో ఉంటుంది. కొందరు డబ్బుకి, కొందరు పక్క సీటువాడి మీద కుళ్లుతో, కొందరు నిజంగా దేశసేవ అనుకుని కూడా చేశారు. 1980ల చివరికి దాదాపు 90 వేల మంది రహస్య సహకారులు, జీతం తీసుకునే ఎస్‌బీ ఉద్యోగులు 24 వేలు. తూర్పు జర్మనీ రహస్య పోలీసు స్టాసీలో జీతగాళ్లే 91 వేలు, అదీ సగం కంటే తక్కువ జనాభా ఉన్న దేశంలో. కాబట్టి 'పోలాండ్ మొత్తం చాడీల కొంప' అనేవాళ్ల మాట నమ్మకండి.

చర్చి మీద వేరే నాలుగో విభాగం ఉండేది. కుర్రాడు సెమినరీలో చేరిన రోజే అతని పేరు మీద ఫైలు తెరిచేవాళ్లు, చనిపోయేదాకా నడిచేది. 1984 అక్టోబర్ 19న ఫాదర్ పొపియెవూష్కోని ఎత్తుకెళ్లి, కొట్టి, కట్టేసి విస్తులా నదిలో పడేసింది ఆ విభాగం అధికారులే.

లక్ష్మీటీచర్_గుంటూరు:
మరి 1968? అది కూడా చెప్పు బాబూ.

పాతపుస్తకం:
అవును టీచర్ గారూ. విద్యార్థులు సెన్సార్‌కి వ్యతిరేకంగా రోడ్డెక్కితే, పార్టీ ఆ తప్పు యూదుల మీదికి నెట్టింది. యుద్ధం మింగగా మిగిలిన కాసింత మందిలోంచి దాదాపు 13 వేల మంది పౌరసత్వం వదులుకుని వెళ్లిపోయారు. స్టాలిన్ కాలపు పాపాలకీ అప్పుడే యూదుల్నే పూచీ చేశారు. ఆ మాట ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది, పచ్చి అన్యాయం.

సీను_సికింద్రాబాద్:
1981లో నల్లకళ్లద్దాల జనరల్ ఒకాయన ఉంటాడు కదా, ఆయన సంగతేంటి?

లక్ష్మీటీచర్_గుంటూరు:
యారుజెల్‌స్కీ. ఆ కళ్లద్దాల వెనక కథ తెలిస్తే మతి పోతుంది. 1941లో ఆయన కుటుంబాన్ని ఎన్‌కేవీడీయే సైబీరియాకి తరిమింది, తండ్రి అక్కడే పోయాడు, మంచు మెరుపుకి ఈయన కళ్లు పాడయ్యాయి. అదే మనిషి 1981 డిసెంబర్ 13 ఆదివారం పొద్దున టీవీలో యూనిఫాంలో కనబడి సైనిక పాలన అన్నాడు. పిల్లల ప్రోగ్రాం కోసం కూర్చున్న పిల్లలకి ఆ రోజు ప్రోగ్రాం రాలేదు. ఫోన్లు తెగ్గొట్టారు, తర్వాత ఇచ్చినా 'సంభాషణ వింటున్నాం' అని రికార్డు గొంతు చెప్పేది. కోటి మంది సభ్యులున్న సాలిడారిటీ యూనియన్‌ని ఒక్క రాత్రిలో కట్టేశారు. మొత్తం మీద పది వేల మంది వరకు నిర్బంధించారు. మూడు రోజులకి వూయెక్ బొగ్గు గనిలో తొమ్మిది మంది కార్మికుల్ని కాల్చారు. కార్మికుల రాజ్యంలో!

ఎర్రమల్లె:
ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు టీచర్ గారూ. వూయెక్‌ని ఎవరూ సమర్థించలేరు.

సీను_సికింద్రాబాద్:
అసలు ప్రశ్న నాది. సాలిడారిటీ నాయకుడు లెక్ వాలేసా కూడా ఏజెంటే అని యూట్యూబ్‌లో ఒకాయన గంటసేపు చెప్పాడు. నిజమేనా? నోబెల్ వచ్చినాయన కదా.

పాతపుస్తకం:
1970 డిసెంబర్ కాల్పుల తర్వాత, ఇరవై ఏడేళ్ల ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పుడు, ఎస్‌బీ ఆయన్ని 'బొలెక్' పేరుతో రాసుకుంది. 2000లో కోర్టు ఆయన సహకారి కాదని తేల్చింది. 2016 ఫిబ్రవరిలో, మాజీ హోం మంత్రి కిష్చాక్ చనిపోయిన కొన్ని నెలలకి, ఆయన భార్య ఇంట్లో దాచిన కాగితాలు అమ్మజూపింది, అందులో బొలెక్ ఫైలు, సంతకాలు, డబ్బు రసీదులు ఉన్నాయి. 2017లో చేతిరాత నిపుణులు అవి ఆయనవే అన్నారు. ఆయన మాత్రం ఫోర్జరీ అంటాడు. ఆ ఫైలు 1976తో ఆగిపోతుంది. సాలిడారిటీ పుట్టిన సమ్మె నడిపింది 1980లో. నా లెక్కలో రెండోది మొదటిదాన్ని కొట్టేయదు, మొదటిది రెండోదాన్నీ కొట్టేయదు. ఆయన ఆ 1970 సంగతి తనే ఒప్పుకుని ఉంటే కథ ఎప్పుడో ముగిసేది.

ఎర్రమల్లె:
ఇక్కడే నాకు అభ్యంతరం. అబద్ధాలతో బతికిన పోలీసు శాఖ రాసిన కాగితాన్ని ఎవరి చరిత్రకైనా సాక్ష్యంగా ఎలా పెడతారు? ఆ అధికారికి నెలకి ఇంతమందిని చేర్చాలని టార్గెట్ ఉంటుంది, ఊరికే మాట్లాడినవాణ్ని కూడా సహకారిగా రాసుకుంటాడు. 2005లో వార్సా జర్నలిస్టు ఒకాయన రహస్య పోలీసుల ఫైళ్ల ఆర్కైవ్ సూచిక బయటికి తీసుకొస్తే లక్షకు పైగా పేర్లు నెట్‌లో పడ్డాయి, అందులో ఏజెంట్లు, ఉద్యోగులు, ఎస్‌బీ కన్నేసి వదిలేసినవాళ్లు అందరూ కలిసే ఉన్నారు. ఎంతమంది ఇళ్లలో చిచ్చు రేగి ఉంటుంది?

పాతపుస్తకం:
ఆ జాబితా చెత్త పని, ఒప్పుకుంటాను. కాని ఫైలు వేరు, జాబితా వేరు. ఎస్‌బీ ఆ కాగితాలు మనకోసం రాయలేదు, తన పని కోసం రాసుకుంది. లేని మనిషిని సృష్టిస్తే పై అధికారి తనిఖీలో దొరికిపోతాడు. ఒకే సంగతి మూడు ఫైళ్లలో మూడు వైపుల నుంచి వస్తుంది, పోల్చి చూడాలి. అసలు సమస్య ఉన్నది మిగిలిన కాగితంలో కాదు, 1989-90లో తగలబెట్టిన కాగితంలో. కాల్చినవాళ్లు ఎవరివి కాల్చారు? పనికొచ్చే మనుషులవి. అందువల్ల చిన్న చేపలు దొరికాయి, పెద్దవి జారిపోయాయి. అయినా 90 కిలోమీటర్ల అరల్లో పట్టేంత మిగిలింది.

గోదారిగట్టు:
తమ ఫైళ్లు తీసి చూసుకున్నవాళ్లు ఏమంటున్నారు?

వ్రోత్స్వాఫ్_వాసు:
క్రాకూఫ్‌లో 1977 మేలో పియాస్ అనే విద్యార్థి చచ్చిపడి కనిపించాడు, ఎలా పోయాడన్నది ఇప్పటికీ వివాదమే. అతని మిత్రబృందం ఆ కోపంతోనే విద్యార్థి సంఘం కట్టింది. 2001లో ఫైళ్లు చూస్తే ఆ బృందంలోనే, అతని దగ్గరి స్నేహితుడు మలేష్కా, ఏళ్ల తరబడి ఎస్‌బీకి రిపోర్టులు రాశాడని తేలింది. మా ఆఫీసులో ఒకాయన తండ్రి ఫైలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టడు. అమ్మ బతికున్నంతవరకు వద్దు అంటాడు. ఇక్కడ అలాంటివాళ్లు చాలామందే.

గోదారిగట్టు:
శిక్షలు పడ్డాయా అసలు?

పాతపుస్తకం:
చాలా కొద్ది. పొపియెవూష్కోని చంపినవాళ్లకి కమ్యూనిస్టు కోర్టే 1985లో శిక్ష వేసింది, పియొత్రోవ్‌స్కీకి 25 ఏళ్లు, 2001లో బయటికొచ్చేశాడు. ఆదేశం ఎంత పైనుంచి వచ్చిందో తేలలేదు. తర్వాత ఉరితీసిన హోం ఆర్మీ జనరల్ ఫీల్డోర్ఫ్ అరెస్టు వారెంట్ మీద సంతకం పెట్టిన ప్రాసిక్యూటర్ వొలిన్‌స్కా ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడింది. పోలాండ్ అడిగితే బ్రిటన్ పంపలేదు, 2008లో అక్కడే పోయింది. కిష్చాక్‌కి సైనిక పాలన కేసులో 2012లో రెండేళ్లు, అదీ సస్పెండ్ చేసి. యారుజెల్‌స్కీని అనారోగ్యం పేరుతో విచారణ నుంచి తప్పించారు.

2016లో చట్టం చేసి ఎస్‌బీలో పనిచేసినవాళ్ల పెన్షన్లు కోశారు. అందులో 1990లో తనిఖీ పాసై, కొత్త రిపబ్లిక్‌కి ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్ల పెన్షన్లూ తగ్గిపోయాయి. అది న్యాయమని నేననను.

ఎర్రమల్లె:
ఈ ఒక్క విషయంలో మనిద్దరం కలిశాం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా 🙂

లక్ష్మీటీచర్_గుంటూరు:
వాసూ, ఆ జైలు మ్యూజియంలో ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లు ఉంటారా? వచ్చే ఏడాది మా అమ్మాయి దగ్గరికి బెర్లిన్ వస్తున్నాను, వార్సా రైల్లో దగ్గరేనంటోంది.

వ్రోత్స్వాఫ్_వాసు:
ముందుగా రాసి అడిగితే మంచిది టీచర్ గారూ. నేనే వార్సా వస్తాను, కలిసి వెళ్దాం. తేదీలు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి.